అడిగితే సగం... చూస్తే సగం!

'మీ ఇంట్లో వారానికి ఎన్నిసార్లు ఆకుకూర వండుతారు?', 'పిల్లలు రోజుకు ఎంతసేపు టీవీ చూస్తారు?', 'నెలకు ఎంత వెనకేస్తారు?'... ఇలాంటి ప్రశ్నల కాగితం పట్టుకుని ఎవరైనా ఇంటికి వస్తే ఏం చెబుతాం? ఆకుకూర దగ్గర ఒకటో రెండో కలుపుతాం. టీవీ దగ్గర గంటో అరగంటో తగ్గిస్తాం. పొదుపు దగ్గరికొచ్చేసరికి కాసేపు ఆలోచించి, ఇంట్లోవాళ్ల ముఖాలు చూసి, ఏదో ఒక అంకె చెప్పేస్తాం. అబద్ధమాడాలని కాదు. అడిగినవాళ్ల ముందు కాస్త మంచిగా కనిపించాలన్న కోరిక... అంతే!

అలా నింపిన కాగితాల్లో కొన్ని విశ్వవిద్యాలయాలకు చేరతాయి. పరిశోధక విద్యార్థులు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. శాతాలు తీస్తారు, పట్టికలు వేస్తారు, థీసిస్ రాస్తారు. పేరుకు ముందు 'డాక్టర్' వచ్చి చేరుతుంది. అంతవరకూ బాగానే ఉంది. మరి మొదట్లోనే జవాబు తేడాగా ఉంటే ఆ పట్టికల గతేంటి? వాటిని నమ్మి ఎవరైనా ఓ పథకం తయారుచేస్తే?

సర్వే మానేయాలా? అక్కర్లేదు. 'ఎంతమంది?' అన్న ప్రశ్నకు సర్వేను మించిన జవాబు లేదు. కాకపోతే దాన్ని ఒంటరిగా వదలకూడదు. పక్కన ఇంకో పద్ధతినీ కూర్చోబెట్టాలి. సమాజశాస్త్రం, భాషాశాస్త్రం, పురావస్తుశాస్త్రం, వైద్యం, వ్యవసాయం... దారులు వేరైనా అన్ని శాస్త్రాలవాళ్లూ తలో రకంగా నేర్చుకున్న పాఠం ఇదే.

ఉత్తరంలో 'వద్దు'... ఎదురుగా 'రండి'!

అమెరికాలో చైనీయులంటే చాలామందికి చిన్నచూపున్న రోజులవి. 1930లో రిచర్డ్ లాపియేర్ అనే సమాజశాస్త్రవేత్త ఓ చైనా జంటతో కలిసి కారులో దేశం చుట్టబెట్టడం మొదలుపెట్టాడు. రెండేళ్లపాటు సాగిన ఆ తిరుగుడులో వాళ్లు 251 హోటళ్లు, భోజనశాలలు, బసల గడప తొక్కారు. ఎన్నిచోట్ల 'మీకు చోటు లేదు పొమ్మన్నారో' తెలుసా? ఒకే ఒక్కచోట!

ఆరు నెలలు ఆగి, వాళ్లు అడుగుపెట్టిన చోట్లకే ఉత్తరాలు పంపాడాయన. 'మీ దగ్గరికి చైనీయులు వస్తే రానిస్తారా?' అన్నది ప్రశ్న. 128 మంది జవాబు రాశారు. అందులో నూటికి తొంభై మందికి పైగా రాసింది ఒకటే... 'రానివ్వం' అని! 1934లో అచ్చయిన ఈ పరిశోధన సామాజిక శాస్త్రాల్లో పెద్ద కలకలం రేపింది. కాగితం మీద మనిషి వేరు, గల్లాపెట్టె దగ్గర మనిషి వేరు అని తేలిపోయింది.

మరి ఉత్తరం అబద్ధమా? అలా తీసిపారేయడానికీ లేదు. ఉత్తరానికి జవాబు రాసింది యజమాని కావచ్చు, ఎదురుగా నిలబడి గది తాళం ఇచ్చింది గుమస్తా కావచ్చు. పైగా ఆ జంట పక్కన తెల్లవాడైన లాపియేర్ ఉన్నాడు. జంట ఒంటరిగా వెళ్లి ఉంటే ఏమయ్యేదో! అంటే ఉత్తరం ఒక నిజాన్ని పట్టుకుంది, ప్రయాణం మరో నిజాన్ని పట్టుకుంది. రెండూ పక్కపక్కన పెడితేగానీ అసలు ప్రశ్న పుట్టలేదు... మనిషి ద్వేషం ఎక్కడ బయటపడుతుంది, ఎక్కడ దాక్కుంటుంది?

'ఫోర్త్ ఫ్లోర్' రహస్యం

పీహెచ్‌డీ కోసం చేసిన పనుల్లో ఇప్పటికీ పాఠంగా చెప్పుకునేది విలియం లబోవ్‌ది. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతూ న్యూయార్క్ నగరంలో ఇంగ్లిషు మాటతీరు మీద పరిశోధన చేశాడాయన. ఆ ఊళ్లో కొందరు మాట చివర 'ర్' గట్టిగా పలుకుతారు, కొందరు మింగేస్తారు. పలకడం హోదాకు గుర్తు. ఎవరు పలుకుతారు, ఎవరు మింగుతారు?

లబోవ్ ఓ ప్రాంతాన్ని ఎంచుకుని పద్ధతిగా సర్వే చేశాడు. ఇళ్లకు వెళ్లి గంటల తరబడి మాట్లాడించి టేపుల మీద రికార్డు చేశాడు. అయితే టేపు రికార్డరు ముందు ఎవరైనా కాస్త జాగ్రత్తగానే మాట్లాడతారు కదా! అందుకే 1962లో మరో ఉపాయం పన్నాడు. ఖరీదైన సాక్స్, మధ్యతరగతి వెళ్లే మేసీస్, చౌకసరుకు దొరికే క్లైన్... ఈ మూడు దుకాణాల్లోకి మామూలు కొనుగోలుదారుడిలా వెళ్లాడు. నాలుగో అంతస్తులో దొరికే వస్తువేదో ముందే కనుక్కుని, 'అది ఎక్కడ దొరుకుతుందండీ?' అని సిబ్బందిని అడిగేవాడు. 'ఫోర్త్ ఫ్లోర్' అని జవాబొచ్చేది. సరిగా వినపడనట్టు మళ్లీ అడిగేవాడు. ఈసారి మరింత స్పష్టంగా 'ఫోర్త్ ఫ్లోర్'! పక్కకు వెళ్లి పుస్తకంలో రాసుకునేవాడు. అలా 264 మంది మాట విన్నాడు. కనీసం కొన్నిసార్లైనా 'ర్' పలికినవాళ్లు సాక్స్‌లో 62 శాతం, మేసీస్‌లో 51 శాతం, క్లైన్‌లో 20 శాతం. ఒకే ఊళ్లో ఒకే పని చేసే మనుషులు... దుకాణం స్థాయిని బట్టి నాలుక మారిపోయింది.

ఇంకో తమాషా ఏమిటంటే, ఇళ్ల దగ్గర 'మీరు ఈ మాట ఎలా పలుకుతారు?' అని అడిగితే చాలామంది 'ర్' పలుకుతామనే చెప్పారు. టేపు మాత్రం కాదంది! తాము ఎలా మాట్లాడుతున్నారో కాదు, ఎలా మాట్లాడాలనుకుంటున్నారో చెప్పారన్నమాట. ఆ తేడాను లబోవ్ దాచలేదు. అదీ ఓ ఫలితమేనని థీసిస్‌లో చేర్చాడు. 1966లో పుస్తకంగా వచ్చిన ఆ పరిశోధన సామాజిక భాషాశాస్త్రానికి పునాది రాయి అయింది.

చెత్తబుట్టకు మొహమాటం ఉండదు

పాత నగరాలు తవ్వి, కుండపెంకులు చూసి అప్పటి మనుషులు ఏం తిన్నారో చెప్పేవాళ్లు పురావస్తు శాస్త్రవేత్తలు. 'అదే పని ఇప్పటి మనుషుల మీద ఎందుకు చేయకూడదు?' అనుకున్నాడు అరిజోనా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం రాత్జే. 1973లో టూసాన్ నగరంలో విద్యార్థులతో కలిసి ఇళ్ల చెత్తను వేరుచేసి, తూచి, లెక్కరాయడం మొదలుపెట్టాడు. ఎవరి చెత్త ఏదో తెలియకుండా జాగ్రత్త పడుతూనే, ఆ పేటల్లో ప్రశ్నలడిగి రాబట్టిన జవాబులతో పోల్చి చూశాడు.

మనుషులు చెప్పిన బీరు లెక్క కంటే చెత్తలోని ఖాళీ డబ్బాల లెక్క చాలా ఎక్కువ తేలింది. ఆరోగ్యానికి మంచివనుకునే పదార్థాలేమో తిన్నదానికంటే ఎక్కువ చెప్పారు. ఇంకో వింత... 1973లో అక్కడ గొడ్డుమాంసానికి కొరత వచ్చింది. కొరత రోజుల్లో పారబోత తగ్గాలి కదా? పెరిగింది! మళ్లీ దొరకదేమోనని ఎక్కువెక్కువ కొని, దాచి, పాడయ్యాక పారేశారు. 'కొరత రోజుల్లో మీరు ఎక్కువ పారేశారా?' అని ఎవరినడిగినా అవునని చెప్పరు. ఎందుకంటే పారేసినవాళ్లకే ఆ సంగతి తెలియదు.

మరుగుదొడ్డి కట్టారు... వాడుతున్నారా?

ఇదంతా అమెరికా ముచ్చట అనుకుంటే పొరపాటే. మన దేశంలో ఇలాంటి తేడాకు పసిపిల్లల ప్రాణాలే ముడిపడి ఉన్నాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్లు చేసిన డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ బృందం 2013-14లో బిహార్, హరియాణా, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 3,200కు పైగా ఇళ్లు సర్వే చేసింది. వాడుకకు పనికొచ్చే మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో 40 శాతానికి పైగా చోట్ల కనీసం ఒక్కరైనా ఆరుబయటికే వెళుతున్నారని తేలింది. ఇలా ఆరుబయట వెళ్లడం పిల్లల ఎదుగుదలనూ, ప్రాణాలనూ దెబ్బతీస్తుందని అప్పటికే పరిశోధనలు చెబుతున్నాయి. దొడ్డి ఉందా లేదా అని లెక్కపెట్టి సరిపెట్టుకుని ఉంటే ఈ సంగతి బయటికి వచ్చేదే కాదు.

అడిగే తీరులోనూ కిటుకు ఉంది. 'మీ ఇంట్లోవాళ్లు దొడ్డి వాడతారా?' అని ఇంటి మొత్తానికీ ఒకే ప్రశ్న వేయడం ఒక పద్ధతి. అత్తగారు ఎక్కడికి వెళతారు, మామగారు ఎక్కడికి, కోడలు ఎక్కడికి అని పేరుపేరునా అడగడం మరో పద్ధతి. ఈ రెండూ పోల్చి చూస్తే, విడివిడిగా అడిగినప్పుడు ఆరుబయటికి వెళ్లేవాళ్ల లెక్క సుమారు 20 శాతం పాయింట్లు ఎక్కువ వచ్చింది.

సరే, ఎంతమందో తెలిసింది. ఎందుకు? దానికి ప్రశ్నాపత్రంలో గడి లేదు. పరిశోధకులు పల్లెల్లో కూర్చుని, తీరిగ్గా మాట్లాడారు. అప్పుడు బయటపడింది అసలు గుట్టు... గొయ్యి! ప్రభుత్వం కట్టించే దొడ్డికి గొయ్యి చిన్నది, తొందరగా నిండిపోతుందని జనం భయం. నిండితే ఖాళీ చేసేదెవరు? ఆ పనిని తరతరాలుగా అంటరానితనంతో ముడిపెట్టిన సమాజం మనది. ఎవరి ఇంటి గొయ్యి వాళ్లు తీసుకోరు, డబ్బిస్తామన్నా తీసేవాళ్లు దొరకరు. అందుకే దొడ్డిని ముసలివాళ్లకో, అత్యవసరానికో దాచిపెడుతున్నారు. సిమెంటు, ఇటుకల సమస్య అనుకున్నది కాస్తా కులం సమస్యగా తేలింది. లెక్క సర్వే చెప్పింది, కారణం కబుర్లు చెప్పాయి.

కొలత కూడా తప్పుతుంది

'అయితే అడగడం మానేసి కొలిచేస్తే సరిపోతుందిగా!' అనిపించొచ్చు. కొన్నిచోట్ల కొలవక తప్పదు. 'మీకు రక్తహీనత ఉందా?' అని అడిగితే ఎంతమందికి తెలుస్తుంది? అందుకే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 1998-99 నుంచి ప్రశ్నలతో పాటు రక్తపు చుక్క కూడా తీశారు. 2019-21 సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతమని తేలింది. సగానికి పైగా ఆడవాళ్ల నీరసం వెనక ఏముందో ఒక్క చుక్క చెప్పింది. ఆ చుక్క మీదా వాదన ఉంది. వేలికొస నుంచి తీసిన రక్తానికీ, నరం నుంచి తీసిన రక్తానికీ లెక్క ఒకేలా రాదంటారు కొందరు శాస్త్రవేత్తలు.

పొలం సంగతీ అంతే. దిగుబడి ఎంత అని రైతునడిగితే ఓ అంకె చెబుతాడు. అధికారులు చేనులో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ముక్క గుర్తించి, కోసి, నూర్చి తూకం వేస్తారు. ఇదే పంట కోత ప్రయోగం. ఇక్కడ తప్పుకు తావెక్కడిది? ఉంది! 1940ల్లో గణాంక శాస్త్రవేత్త పి.వి.సుఖాత్మే గమనించింది అదే. కోసే ముక్క మరీ చిన్నదైతే దిగుబడి లెక్క ఎక్కువ వస్తోంది. గీత మీదున్న మొక్కలను కోసేవాడు తెలియకుండానే లోపలికి కలిపేసుకుంటాడు. ముక్క చిన్నదయ్యేకొద్దీ ఆ కాసిని మొక్కల బరువే పెద్దదవుతుంది. మాటకు మొహమాటం ఉన్నట్టే కొడవలికీ ఉంటుందన్నమాట. అందుకే ఏ పద్ధతినీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఒకదాని తప్పు ఇంకొకటి పట్టుకోవాలి.

మన నేల మీద...

ఈ విద్య తెలుగు నేలకు కొత్తేం కాదు. హైదరాబాద్ శివార్లలోని శామీర్‌పేటలో 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఓ ప్రయోగం చేసింది. మానవశాస్త్రవేత్త ఎస్.సి.దూబే ఆధ్వర్యంలో వైద్యం, వ్యవసాయం, పశువైద్యం లాంటి వేర్వేరు విభాగాలవాళ్లు ఒకే ఊరికి వెళ్లారు. ఇళ్ల లెక్కలు రాశారు, ఊరివాళ్లతో కలిసిమెలిసి తిరిగారు, పండగలూ పంచాయితీలూ చూశారు. 1955లో 'ఇండియన్ విలేజ్' పేరుతో దూబే రాసిన పుస్తకం శామీర్‌పేటను ప్రపంచానికి పరిచయం చేసింది. భాష సంగతికొస్తే భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో 'మాండలిక వృత్తి పదకోశం' కోసం జిల్లాల్లో తిరిగి రైతుల నోటి మాటలే సేకరించారు. వ్యవసాయ పదాల సంపుటి 1962లో వచ్చింది.

ఇప్పటి పరిశోధకులకు ఇంతకంటే చిక్కు ప్రశ్న కౌలు. 'మీ భూమి కౌలుకిచ్చారా?' అని భూయజమానినడిగితే 'లేదండీ, మేమే చేసుకుంటున్నాం' అన్న జవాబు రావడం మామూలే. ఒప్పందాలన్నీ నోటిమాటే. కాగితం మీద పెడితే భూమి చేజారుతుందేమోనన్న భయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో కౌలురైతులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం చేసింది. ఆ భయం మాత్రం పోలేదు. పంట పోతే పరిహారం కాగితంలో పేరున్నవారికి, అప్పు మాత్రం దున్నినవారికి!

ఇలాంటిచోట అర్థశాస్త్ర విద్యార్థి ఒక్క ప్రశ్నాపత్రంతో వెళితే ఏమవుతుంది? 'ఈ ఊళ్లో కౌలు తక్కువ' అని పట్టిక చెబుతుంది. అదే విద్యార్థి నాట్ల వేళ పొలంగట్ల మీద నడిస్తే? ఎరువుల దుకాణంలో అప్పు ఎవరి పేరు మీదుందో చూస్తే? ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర బస్తాలు తెచ్చిందెవరో గమనిస్తే? సాయంత్రం రచ్చబండ దగ్గర ఓ గంట కూర్చుంటే? పట్టికలో కనపడని రైతులు ఒక్కొక్కరే కనపడతారు.

ముందు ఏది... వెనక ఏది?

పద్ధతులు కలపడంలోనూ వరసలున్నాయి. ఏమడగాలో తెలియనప్పుడు ముందు మాట్లాడాలి, తర్వాతే ప్రశ్నాపత్రం తయారుచేయాలి. అప్పుడు ప్రశ్నలు జనం మాటల్లోనే ఉంటాయి. సర్వేలో వింత అంకె కనపడితే కొందరి దగ్గరికి మళ్లీ వెళ్లి 'ఎందుకిలా?' అని కూర్చుని అడగాలి. ఇది రెండో వరస. ఇక మూడోది... రెండూ ఒకేసారి, వేర్వేరుగా చేసి చివర్లో పక్కపక్కన పెట్టి చూడటం.

ఏ వరసైనా ఒక షరతు ఉంది. పద్ధతులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. మూడో అధ్యాయంలో సర్వే, నాలుగో అధ్యాయంలో ఇంటర్వ్యూలు, ఒకదాని ముఖం ఒకటి చూడకపోతే అది కలపడం కాదు, పక్కింటి కాపురమే. ఈ మధ్య ఇంకో సులువు దారి కూడా వచ్చింది. గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పడేస్తే సాయంత్రానికి రెండొందల జవాబులు! నింపేదెవరు? స్మార్ట్‌ఫోన్, తీరిక, పంపినవాళ్లతో పరిచయం... మూడూ ఉన్నవాళ్లు. ఇలా వచ్చిన లెక్కను 'రాష్ట్ర ప్రజల అభిప్రాయం' అని రాస్తే ఎలా?

తేడా వచ్చిందా? మంచిదే!

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. సర్వే ఒకటి చెప్పి, కళ్లు ఇంకోటి చూస్తే పరిశోధక విద్యార్థి గుండె జారిపోతుంది. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు పట్టాలి. మామూలుగా 6 ఏళ్ల లోపు పూర్తిచేయాలి. గడువు తరుముతుంటుంది, ఫెలోషిప్ అయిపోవస్తుంటుంది. 'గైడు ఏమంటారో, పరీక్షకులు ఏం ప్రశ్నిస్తారో' అన్న బెంగతో పొసగని భాగాన్ని మెల్లగా పక్కన పెట్టేస్తే పని అయిపోతుంది. పట్టా కూడా వస్తుంది.

కానీ లాపియేర్ ఉత్తరాలను చింపేసి ఉంటే? టేపుతో పొసగలేదని లబోవ్ జవాబులను దాచేసి ఉంటే? దొడ్డి ఉన్నా వాడనివాళ్లను 'లెక్కతప్పు' కింద కొట్టేసి ఉంటే? వీళ్లందరికీ దొరికిన కొత్త సంగతి, రెండు పద్ధతులూ గొడవపడిన చోటే దొరికింది. తేడా వచ్చిన చోట పరిశోధన చెడిపోలేదు, మొదలైంది.

ఇంట్లో పీహెచ్‌డీ చేసే కొడుకో కూతురో ఉంటే పెద్దవాళ్లకు ఓ సందేహం రావడం సహజం. 'కాగితాలన్నీ నింపించుకొచ్చేశావుగా, మళ్లీ ఆ ఊరికి ఎందుకు?' అని. ఈసారి అలా అడిగేముందు, 'కాగితంలో లేనిది అక్కడేం కనపడింది?' అని అడిగి చూడండి. జవాబు చెప్పడానికి వాళ్లకు ఓ పూట పడితే సంతోషించండి. చెప్పడానికి ఏమీ లేదంటే మాత్రం... బస్సు చార్జీలకు డబ్బులిచ్చి మళ్లీ పంపండి!